ఎర్ర సిరాలో రాసిన కేక

నాలుగింటికి ఆస్పత్రి వ్యాన్ వస్తుంది. డిటెక్టివ్ బైండింగు షాపు గుమ్మంలో అడుగుపెట్టేసరికి మూడూ పది.

చేతిలో ఉన్నది యాభై నిమిషాలు. ఆ తర్వాత ఈ ఇంటి ఇల్లాలి తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఊరి చివర పెద్దాస్పత్రిలో, కటకటాల వార్డులో వేసేస్తారు. అదే జైలైతే ఎంతో కొంత మేలు, కనీసం కేసన్నా నడుస్తుంది. "మతి స్థిమితం లేదు" అని ఒక కాగితం పడిందా, ఇక కేసూ నడవదు, మనిషీ బయటికి రాడు, అసలు చంపిందెవరని అడిగే నాథుడే ఉండడు. ఊరందరికీ హాయి.

నిన్న జరిగింది క్లుప్తంగా ఇదీ. కింద షాపు, పైన కాపురం. షాపు యజమాని బైండరు. పగలు పదకొండుకీ పదకొండూ నలభైకీ మధ్య ఎవరో ఇనప దిమ్మతో అతని తల వెనక కొట్టారు. ఒకే దెబ్బ. జనం వచ్చేసరికి బావమరిది శవం పక్కన కూర్చుని ఉన్నాడు, చేతుల నిండా రక్తం. ఇన్‌స్పెక్టరు అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "నువ్వే చంపావు కదూ?" అతను ఒప్పుకున్నాడు. సాయంత్రానికల్లా పేపర్లవాళ్ళకి వార్త అందింది. తమ్ముణ్ణి కాపాడమని ఇల్లాలు ఇవాళ మధ్యాహ్నం డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది. భర్త పోయి ఒక రోజన్నా కాలేదు, ఏడవడానికి కూడా తీరిక లేదు పాపం.

షాపులో బంక వాసన. ఒక మూల పరీక్షల ప్రశ్నపత్రాల కట్టలు పేర్చి ఉన్నాయి. నెల రోజులుగా ఇక్కడ ఆ పనే జరుగుతోంది. కట్టకట్టకీ లక్క సీలు, సీళ్ళకి పోలీసు స్టేషను వాళ్ళ కాపలా. మధ్యలో పాతకాలపు స్క్రూ ప్రెస్సు, దాని ఇనప పలకల మధ్య పన్నెండు పుస్తకాలు బిగించి ఉన్నాయి. ప్రెస్సుకి మూడడుగుల దూరంలో నేలమీద సున్నంతో గీసిన మనిషి ఆకారం.

"నువ్వేనా పార్ట్‌నర్‌వి?"

గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి ఉలిక్కిపడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. "అవును సార్. పద్నాలుగేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. అన్నలాంటివాడు సార్."

"నిన్న ఎక్కడున్నావు?"

"పదిన్నరకే అట్టల కొట్టుకి వెళ్ళాను సార్. తిరిగొచ్చేసరికి పదకొండూ ముప్పావు. అప్పటికే ఇక్కడ జనం."

"కొట్లో నిన్నెవరు చూశారు?"

"కొట్టు మూసుంది సార్. తెరుస్తారేమోనని నిలబడ్డాను."

"మూసిన కొట్టు ముందు గంటసేపా? ఓపికమంతుడివే!"

"ఏం చేస్తాం సార్, మన ఖర్మ."

డిటెక్టివ్ ప్రెస్సు పైనున్న పొడుగాటి కడ్డీ పట్టుకుని తిప్పబోయాడు. ససేమిరా కదల్లేదు. "ఒక చెయ్యి వెయ్యవయ్యా," అన్నాడు. పార్ట్‌నర్ అలవాటు కొద్దీ రెండో కొస దగ్గరికెళ్ళి "ఊఁ" అన్నాడు. ఇద్దరూ కలిసి నెట్టారు. ప్రెస్సు ఇల్లంతా వినబడేలా కిర్రుమంది.

"ఒక్కడు తిప్పలేడా దీన్ని?"

"భలేవారే! ఎద్దు కూడా తిప్పలేదు సార్. అటొకరు ఇటొకరు ఉండాల్సిందే."

"మరి ఈ పన్నెండు పుస్తకాలూ ఎప్పుడు బిగించారు?"

"నిన్న తొమ్మిదింటికి. అన్నా నేనూ కలిసి. అంతే, తర్వాత ప్రెస్సు ముట్టుకోలేదు."

"మర్చిపోకు ఈ మాట," అని డిటెక్టివ్ నేలమీదికి వంగాడు. సున్నం గీత తల భాగం మెట్ల వైపు ఉంది. పడేటప్పుడు బైండరు మెట్లకేసి తిరిగి ఉన్నాడన్నమాట. మెట్లకేసి ఎవరైనా ఎందుకు తిరుగుతారు? పైన ఉన్నవాళ్ళని పిలవడానికి. పిలిస్తే పైకి వినబడకుండా ఉంటుందా? చెక్క మెట్లు, మధ్యలో తలుపన్నది లేదు. కానీ ఇల్లాలు నిన్న పోలీసులకి చెప్పింది ఒక్కటే ముక్క: "కింద నుంచి నాకేమీ వినబడలేదు." కేసంతా ఆ ముక్క మీదే నిలబడింది. అరుపూ కేకా లేవు కాబట్టి బయటివాడెవడూ రాలేదు, ఇంటివాడే చప్పుడు లేకుండా కొట్టాడు అని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

పైన మాటలు వినబడ్డాయి. డిటెక్టివ్ రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళాడు. పార్ట్‌నర్ వెనకాలే వచ్చి మెట్ల చివర ఆగిపోయాడు.

పై గదిలో ఇన్‌స్పెక్టరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన కానిస్టేబులు. బట్టలూ మందులూ తీసుకోడానికని తమ్ముణ్ణి అప్పటికే ఇంటికి తెచ్చారు. ఇల్లాలు నేలమీద కూర్చుని తమ్ముడి చొక్కాలు మడుస్తోంది. మడిచిందే మళ్ళీ విప్పి మడుస్తోంది.

"రండి గురువుగారూ, రండి!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు ఈ డిటెక్టివ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ "గురువుగారు" అనే పిలుపులో గౌరవం వెతికితే కనబడదు. "కాస్త ఆలస్యమైంది మీకు. అక్కగారు సంతకం పెట్టేశారు."

కాగితం బల్లమీద ఉంది. సిరా ఆరిపోయింది.

"సంతకమెందుకు పెట్టావమ్మా? నేను వస్తానన్నానుగా!"

"పెట్టకపోతే ఉరికంబం అన్నారు అన్నయ్యగారూ," అంది ఆమె తలెత్తకుండా. "పెడితే ఆస్పత్రిలో మూడు పూటలా తిండి పెడతారట. మందులిస్తారట."

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ వార్డు అతనికి కొత్త కాదు. తొమ్మిదేళ్ళ వయసులో చూశాడు, కటకటాలకి అవతల జుట్టు గొరిగేసిన అమ్మని. వాళ్ళ నాన్న వీధిలో అందరికీ క్షయ అని చెప్పుకున్నాడు. క్షయకైతే పరువు పోదట! అమ్మ అక్కడే పోయింది. క్షయతో పోయిందనే కార్డులు పంచారు.

తమ్ముడు కిటికీ పక్కన పుస్తకాలు కుట్టే చట్రం ముందు కూర్చుని ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. శుభ్రంగా దువ్విన తల, మోకాళ్ళ మీద నోటుపుస్తకం, జేబులో రెండు పెన్నులు. వీధిలో అతనికి "టైమాఫీసు" అని పేరు. పిల్లలు టైమెంతని అడిగి నవ్వుకుని పోతారు. అతను మాత్రం ప్రతిసారీ నిమిషంతో సహా సరిగ్గా చెబుతాడు.

"పుస్తకం లాక్కుంటే గోల చేస్తున్నాడు, అందుకే ఉంచాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒప్పుకోలు కూడా అందులోనే ఉందిలెండి. నల్ల సిరాతో, టైంతో సహా. పిచ్చోడి చేతిలో రాయి అని పెద్దలు ఊరికే అన్నారా?"

డిటెక్టివ్ చట్రం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "బాబూ, ఈ రెండు పెన్నులూ ఎందుకో నాకు చెబుతావా?"

తమ్ముడు అక్కకేసి చూశాడు. ఆమె తలూపాక నెమ్మదిగా, పాఠం అప్పగించినట్టు చెప్పాడు. "పాత డాక్టరుగారు నేర్పారండీ. తొమ్మిదేళ్ళయింది. ఏదైనా వినబడితే పక్కనున్నవాళ్ళని అడగాలి. వాళ్ళూ విన్నామంటే నలుపు. లేదంటే అది నా తలలోది, ఎరుపు. అనుమానమొస్తే ఎరుపే. ఎరుపు రాశాక లేవకూడదు, భయపడకూడదు, పని చేసుకోవాలి."

"ఎరుపు రాసింది తర్వాత నలుపు అవ్వచ్చా?"

"ఇంకొకరు కూడా అదే మాట అంటే అవుతుందండీ. అప్పుడు దాన్ని నలుపులో మళ్ళీ రాయాలి."

"మామూలుగా ఎవర్ని అడుగుతావు?"

"అక్కని." ఇంకెవరుంటారు అన్నట్టు చూశాడతను. అతని వెనక అలమారులో అలాంటి నోటుపుస్తకాలు రెండు వరసలున్నాయి, తనే కుట్టుకున్నవి, తొమ్మిదేళ్ళవీ.

డిటెక్టివ్ అడిగి పుస్తకం తీసుకుని నిన్నటి పేజీ తిప్పాడు. ముందు చివరి గీత చదివాడు.

"నలుపు. ఒకటీ ఇరవై. 'నువ్వే చంపావు.' ఇన్‌స్పెక్టరు గారు కూడా అన్నారు." తలెత్తాడు. "ఇదేనా నీ ఒప్పుకోలు? దీనికి పైన ఎరుపులో ఇదే మాట ఉంది చూడు. పదకొండూ నలభై రెండు. శవాన్ని చూసిన నిమిషానికే తలలో గొంతు అతన్ని తిట్టింది, ఎరుపులో రాసుకున్నాడు. నువ్వు స్టేషన్లో అదే మాట అన్నావు. ఇంకొకరు కూడా అన్నారు కదా అని నలుపులోకి ఎక్కించుకున్నాడు. అతను ఒప్పుకున్నది నేరం కాదయ్యా. నీ మాట విన్నానని ఒప్పుకున్నాడు."

"చాలా బావుంది. కథలు రాసుకోండి."

"ఇది కూడా విను. నలుపు, పదకొండూ రెండు. 'ప్రెస్సు కిర్రుమంది. అక్క విన్నది.' ఏమ్మా, నిజమేనా?"

"నిజమే," అంది ఇల్లాలు. "నేను వాడి పక్కనే అచ్చు కాగితాలు ఫారాలుగా మడుస్తున్నాను."

"ప్రెస్సు తిప్పడానికి ఇద్దరుండాలి. ఎద్దు కూడా ఒంటరిగా తిప్పలేదట, ఇందాక మన పార్ట్‌నరే సెలవిచ్చాడు. పదకొండూ రెండుకి ఈ అక్కాతమ్ముళ్ళిద్దరూ పైనున్నారు. మరి కింద బైండరుతో కలిసి కడ్డీ పట్టుకున్న రెండో మనిషి ఎవరు?"

మెట్ల దగ్గర పార్ట్‌నర్ మడిచిన చొక్కా చేతుల్ని కిందికి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

ఇన్‌స్పెక్టరు ఆవలించాడు. "అక్క తమ్ముడి పక్షం కాక ఇంకెవరి పక్షం మాట్లాడుతుంది? పిచ్చోడి గడియారం, అక్కగారి సాక్ష్యం! పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టుంది మీ వరస."

"పిచ్చి మనిషికే కానీ గడియారానికి కాదు. నిన్న పదకొండు నుంచి పదకొండూ నలభై దాకా ఎనిమిది ఫారాలు కుట్టాడు, ఒక్కోదానికీ అయిదేసి నిమిషాలు. చట్రం మీద ఇంకా ఉన్నాయి, లెక్కపెట్టుకో. దారం కోసం దిగి శవాన్ని చూసింది ఆ తర్వాతే. మధ్యలో దిగి మనిషిని చంపి రావడానికి తీరికెక్కడిది?"

అప్పుడే డిటెక్టివ్ ఒక తప్పు చేశాడు. గెలుస్తున్నానన్న ఊపులో మిగతా ఎరుపు గీతల్ని గట్టిగా చదివేశాడు. ఎవరి ముందు చదువుతున్నాడో చూసుకోలేదు.

"పదకొండూ ఏడు. బావ గొంతు: 'ఈ కట్ట సీలు ఎవడు విప్పాడు? కాపలావాళ్ళు చూస్తూ ఊరుకున్నారా?' పదకొండూ తొమ్మిది. ఇంకో గొంతు: 'అరవకు, స్టేషన్లో అందరికీ తెలిసే జరిగింది.' అక్కనడిగాను. పలకలేదు. పదకొండూ పదకొండు. బావ గొంతు: 'ఏమేవ్! కిందికి రా! తొందరగా రా!' అక్కనడిగాను. ఎవరూ పిలవలేదంది. పదకొండూ పన్నెండు. ఏదో పడ్డ చప్పుడు. అక్కనడిగాను. లేదంది. ఫారం కుట్టాను."

ఇన్‌స్పెక్టరు కాలు మీద నుంచి కాలు దించాడు. ఆవలింత మాయమైంది. మెట్ల దగ్గరున్న పార్ట్‌నర్‌కేసి అరక్షణం చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చూశాక గానీ డిటెక్టివ్‌కి తన తొందరపాటు అర్థం కాలేదు. సీళ్ళ కాపలా స్టేషనుదే. స్టేషను ఇతనిదే.

ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. "అమ్మా," అన్నాడు ఇల్లాలి వైపు తిరిగి. "వీడి బతుకిప్పుడు నీ నోట్లో ఉంది. పదకొండూ పదకొండుకి నీ భర్త పిలిచాడు కదూ?"

చొక్కా మడుస్తున్న చేతులు ఆగాయి.

"అంత కేక నీకు వినబడకుండా ఉండదు. మధ్యలో తలుపు కూడా లేదు. చెప్పమ్మా, పుణ్యముంటుంది."

"ఎరుపు రాసుకున్నాడు కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు చాలా మర్యాదగా. "అది తలలోదని తనే చెప్పుకుంటున్నాడు. ఆవిణ్ణెందుకు వేధిస్తారు?"

ఇల్లాలు తమ్ముడికేసి చూసింది. తర్వాత అంది. "విన్నాను."



"విన్నానురా. నేనూ విన్నాను. మీ బావ పిలిచాడు." ఆమె మాటలు తమ్ముడితోనే, ఇంకెవరితోనూ కాదు. "నిన్న పొద్దున మీ బావ చెప్పాడు, పన్నెండింటికి ఆస్పత్రి వ్యాన్ని రమ్మన్నానని. తొమ్మిదేళ్ళు చూశాను, ఇంక నావల్ల కాదన్నాడు. రక్తసంబంధివి నువ్వు, సంతకం నువ్వే పెట్టాలన్నాడు. కిందికి రా అంటే ఆ సంతకానికేననుకున్నాను. వెళ్ళకూడదనుకున్నాను. ఎంతసేపు పిలుస్తాడో పిలవనీ అని మొండికేసి కూర్చున్నాను. నువ్వు అడిగావు. ఎవరూ పిలవలేదన్నాను." ఆమె రెండు చేతులతో చొక్కాని మొహానికి నొక్కుకుంది. "మాటలు పట్టించుకోలేదు గానీ రెండో గొంతూ విన్నాను. అదిగో, ఆ మనిషిదే. పద్నాలుగేళ్ళుగా వింటున్న గొంతు. చప్పుడు కూడా విన్నాను. కట్ట పడిందనుకున్నాను."

"నిన్ననే చెప్పి ఉంటే..." అన్నాడు డిటెక్టివ్.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? చచ్చిపోతూ పిలిస్తే పలకలేదని చెప్పనా? ఏ సంతకం తప్పించుకోవాలని కూర్చున్నానో ఆ సంతకమే పెట్టాను చూడండి, ఇందాక, నా చేత్తోనే!"

పార్ట్‌నర్ గబగబా రెండు మెట్లు దిగాడు. "కదలకు!" అని డిటెక్టివ్ అరిచి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "విన్నావుగా? అరెస్టు చెయ్యి వాణ్ణి!"

ఇన్‌స్పెక్టరు తాపీగా లేచి, బల్లమీది కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పాపం," అన్నాడు కానిస్టేబులుతో, గొంతులో బోలెడంత జాలి నింపుకుని. "భర్త పోయిన దుఃఖంలో ఈవిడకీ మొదలైనట్టుంది. తమ్ముడికి వినబడ్డవన్నీ తనకీ వినబడ్డాయంటోంది. ఒకే రక్తం కదా మరి. వ్యాన్‌లో ఇంకొకళ్ళకి చోటుందా?"

కానిస్టేబులు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఉంది సార్," అన్నాడు.

డిటెక్టివ్‌కి ఎత్తు అర్థమైంది. ఇంతకంటే సుళువైన దారి ఇంకోటి లేదు. సాక్షి మాట అబద్ధమని నిరూపించనక్కర్లేదు. పిచ్చిదనేస్తే చాలు, వీధి వీధంతా నమ్ముతుంది, ఆ ఇంట్లో అదే వరస అని పక్కింటివాళ్ళే సాక్ష్యం చెబుతారు. రేపు గొంతు పెంచితే తనని కూడా అనొచ్చు. తన తల్లి సంగతి ఇన్‌స్పెక్టరుకి తెలుసు. ఒకప్పుడు శిష్యుడనుకుని తనే చెప్పుకున్నాడు.

ఇంతలో తమ్ముడు చెయ్యి చాపాడు. "నా పుస్తకం ఇస్తారా అండీ?"

డిటెక్టివ్ ఇచ్చాడు. తమ్ముడు గడియారం చూసుకున్నాడు. మూడూ యాభై రెండు. మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు, ఒక లెక్క తెగక తికమకపడుతున్నాడంతే. ఒకసారి అక్కకేసి, ఒకసారి అలమారులోని పుస్తకాలకేసి చూశాడు. అక్క నిన్న లేదంది. ఇవాళ ఉందంటోంది. అక్క మాట మీదే కదా తొమ్మిదేళ్ళ నలుపూ నలుపైంది, ఎరుపూ ఎరుపైంది! ఇందులో ఏ గీతని నమ్మాలిప్పుడు? డిటెక్టివ్‌కి ఆ చూపు అర్థమైంది. కాపాడబోయి, ఆ మనిషి కాళ్ళ కింద ఉన్న ఒక్క పలకనీ తనే లాగేశాడు.

"అక్క ఏదో అన్నట్టు వినబడింది," అన్నాడు తమ్ముడు. అక్క మాట గురించి అక్కనే అడగడానికి లేదు. నిన్న తన తలలోని మాటనే అన్న ఇన్‌స్పెక్టరుకేసి తిరిగాడు. "సార్, మీరు కూడా విన్నారా?"

"లేదయ్యా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, అతని భుజం తడుతూ. "ఎవరూ ఏమీ అనలేదు."

"నేను విన్నాను!" డిటెక్టివ్ అరిచాడు. "బాబూ, నా మాట విను. నేను విన్నాను, నీ అక్క చెప్పింది, నిజంగా చెప్పింది!"

"విన్నానురా, నమ్మరా తమ్ముడూ!" అక్క అతని మోకాళ్ళు పట్టుకుంది.

తమ్ముడు ఆమె తల నిమిరాడు. తర్వాత డిటెక్టివ్‌కేసి చూసి, నొప్పించకుండా చెప్పాలన్నట్టు మెల్లగా అన్నాడు. "ఒకరు ఔనన్నారు, ఒకరు కాదన్నారండీ. అనుమానమొస్తే ఎరుపే."

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. వంకర లేని అక్షరాలతో రాశాడు. "3.52. అక్క గొంతు: విన్నానురా." పెన్నుకి మూత పెట్టి, భయపడకుండా, చట్రం మీదున్న ఫారం అంచులు సవరించాడు.

మెట్ల మీద పార్ట్‌నర్ చెప్పుల చప్పుడు కిందిదాకా వెళ్ళి వీధిలో కలిసిపోయింది. ఎవరూ ఆపలేదు.

బయట వ్యాన్ హారను మోగింది. తమ్ముడు తలెత్తి ఇన్‌స్పెక్టరుని అడిగాడు. "అది విన్నారా సార్?"

"ఆఁ, విన్నాను. పద."

తమ్ముడు నల్ల పెన్ను తీసి ఆ హారను రాసుకున్నాడు.